మందు చీటీ ఇస్తే సరిపోదు - ఎలా వాడాలో చెప్పాలి!

కార్మిక సోదర సోదరీమణులారా!

మిల్లు కార్మికులకు ఎంత చెప్పినా అర్థం కాదని, గోళీలు సరిగ్గా వేసుకోరని డాక్టర్లూ, మందుల షాపులవారూ అంటుంటారు. మనం అడిగేది ఒక్కటే: అసలు చెప్పారా?

షోలాపూర్‌లో సాంచాల మీద పనిచేసే మన తెలుగువాడి చేతిలోని చీటీ చూడండి. ఇంగ్లీషులో గొలుసుకట్టు రాత. పక్కన 1-0-1 అని అంకెలు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని దాని అర్థం. సరే, రాత్రి షిఫ్టు చేసేవాడికి ఏది పొద్దున, ఏది రాత్రి?

షుగరుకు ఇచ్చే గ్లిమిపిరైడ్ సంగతే తీసుకోండి. అది తిండితో పాటు వేసుకోవాల్సిన గోళీ. చీటీలో "పొద్దున" అని మాత్రమే ఉంటే, రాత్రంతా పనిచేసి ఇల్లు చేరినవాడు గోళీ మింగి, తినకుండానే పడుకుంటాడు. నెత్తురులో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, చివరికి స్పృహ తప్పడం. ప్రాణం మీదికే రావచ్చు. జలుబుకూ దురదకూ ఇచ్చే సెట్రిజిన్ కొందరికి మత్తు తెస్తుంది. ఆ మత్తులో నడుస్తున్న సాంచా ముందు నిలబడితే చెయ్యి ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అప్పుడు "కార్మికుడి నిర్లక్ష్యం" అని రాసి చేతులు దులుపుకుంటారు!

మనం అడుగుతున్నది దయ కాదు. చీటీలో మోతాదు రాయాలని 1945 నాటి మందుల నిబంధనల్లోనే ఉంది. మందు ఎలా వాడాలో రోగికి వివరించడం ఫార్మాసిస్టు బాధ్యత అని 2015 నిబంధనలు చెబుతున్నాయి. మందు పేరు చదవగలిగేలా, వీలైనంతవరకు క్యాపిటల్ అక్షరాల్లో రాయాలని 2016లో వైద్య మండలి నిబంధన మార్చింది. ఇ.ఎస్.ఐ. దవాఖానా కూడా దానధర్మం కాదు. 2019 జులై నుంచి నూరు రూపాయల జీతం మీద మన వాటా 75 పైసలు, యజమాని వాటా 3 రూపాయల 25 పైసలు.

రద్దీ ఎక్కువ, టైము లేదంటారు. డాక్టర్లను పెంచమని అడగండి, మేమూ మీతో నిలబడతాం. కానీ "నీది ఏ షిఫ్టు?" అని అడగడానికి ఎంతసేపు పడుతుంది?

మన డిమాండ్లు:
1. చీటీ రాసేముందు షిఫ్టు, తిండి వేళలు అడగాలి.
2. మందు కవరు మీద తెలుగులో, మరాఠీలో వాడే పద్ధతి రాయాలి. చదువు రానివారికి బొమ్మ వేయాలి.
3. మత్తు తెచ్చే మందు అయితే ముందే హెచ్చరించాలి.

సోదరులారా! ఏ గోళీ దేనికి, ఎప్పుడు, తిండికి ముందా తర్వాతా, ఎన్ని రోజులు - ఈ నాలుగూ తెలుసుకోకుండా కౌంటరు వదలకండి. విన్నది తిరిగి చెప్పి సరిచూసుకోండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మింగేది మనం!

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!

- కార్యదర్శి