అన్నం వేయడం వేరు, సాకడం వేరు



ప్రతి ఏటా ఈ సంచికలో చదువు గురించో, క్రమశిక్షణ గురించో, సెల్‌ఫోన్ వల్ల కలిగే నష్టాల గురించో రాయడం మన హాస్టల్ ఆనవాయితీ. ఈసారి పదో తరగతి వాళ్ళం అందరం కూర్చుని ఒక కుక్క గురించి రాద్దామనుకున్నాం. "రాయడానికి ఇంకేం దొరకలేదారా?" అని కొందరు నవ్వారు. నవ్వినా ఫర్వాలేదు, చివరిదాకా చదవండి. ఇందులో మేము చేసిన తప్పు ఒకటుంది. అది ఒప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

2025 జులైలో ఒక సాయంత్రం, స్టడీ అవర్ గంట కొట్టే వేళకు, మన గేటు ముందు రోడ్డు మీద ఏదో బండి ఒక కుక్కను తొక్కించి ఆగకుండా పోయింది. అరుపు విని పరుగెత్తాం. తెల్లటి ఆడకుక్క. మెస్ వెనకాల చేతులు కడిగే చోట రోజూ తిరిగేదే. వెనక కుడికాలు మోకాలి దగ్గర నుజ్జునుజ్జయింది. నొప్పిలో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరుస్తుందని వాచ్‌మన్ అన్న హెచ్చరించి, దాని మూతికి మెత్తటి గుడ్డ కట్టి, గోనెసంచి మీదికి జరిపాడు. ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. పొద్దున్నే వార్డెన్ సార్ అనుమతి తీసుకుని ఆటోలో జిల్లా కేంద్రంలోని పశువుల దవాఖానకు తీసుకుపోయాం.

డాక్టర్ గారు చూసి కాలు తీసేయాలన్నారు. "మోకాలి దాకా అయినా ఉంచండి సార్" అని మేము బతిమాలాం. ఆయన ఓపికగా చెప్పారు. సగం కాలు మిగిలితే కుక్క దాన్ని నేలకు ఆనించబోతుందట. అది రాసుకుని రాసుకుని పుండు పడుతుంది, ఎప్పటికీ మానదు. అందుకే తొడ పైభాగం దాకా తీస్తారు. కుక్క బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ళ మీదే ఉంటుంది కాబట్టి వెనక కాలు పోయిన కుక్క త్వరగానే నడక నేర్చుకుంటుందని ధైర్యం చెప్పారు. మందులకు, కట్లకు 2,300 రూపాయలయ్యాయి. సగం మేము పోగు చేశాం, మిగతాది ఇద్దరు పాత విద్యార్థులు ఇచ్చారు. వారికి ఈ సంచిక ద్వారా కృతజ్ఞతలు.

కుక్కను హాస్టల్‌కు తేగానే మొదటి గొడవ మొదలైంది. "మనకు పెట్టేదే అంతంతమాత్రం, ఇక కుక్కకెక్కడి నుంచి?" అని కొందరు అడిగారు. అడగడం తప్పు కాదు. 8 నుంచి 10 తరగతుల వాళ్ళకు నెలకు 1100 రూపాయలుండే మెస్ చార్జీ 2024 నవంబరు నుంచి 1540 అయింది. అది ఎన్నేళ్ళు ఎదురుచూస్తే వచ్చిందో పాత విద్యార్థులకు బాగా తెలుసు. ఆ డబ్బు పిల్లల కడుపుకే పోవాలి. అందుకే కుక్క కోసం వంటలో ఒక్క గింజ కూడా అదనంగా వేయొద్దని, పళ్ళెంలో మిగిలిందే పెట్టాలని అందరం ఒప్పుకున్నాం.

రెండో గొడవ పేరు మీద వచ్చింది. అందరూ దాన్ని "కుంటిది, కుంటిది" అని పిలవసాగారు. మాలో ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. ఏడో తరగతి తమ్ముడొకడికి పుట్టుకతోనే ఒక కాలు పొట్టి. వాడు ఎప్పుడూ ఎక్కువగా మాట్లాడడు. ఆ రోజు మాత్రం భోజనాల దగ్గర లేచి నిలబడి, "అన్నా, దానికి ఒక పేరు పెట్టండి. ఆ మాటతో మాత్రం పిలవకండి" అన్నాడు. అందరం తలలు దించుకున్నాం. వాడి వెనకాల ఆ మాట ఎవరెవరు అన్నారో ఎవరి మనసుకు వారికి తెలుసు. వికలాంగుల హక్కుల కోసం 2016లో కొత్త చట్టం వచ్చిందని సాంఘిక శాస్త్రం పీరియడ్‌లో చదివాం. చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, మన నోట్లో కూడా ఉండాలని ఆ పూట తెలిసింది. ఆ తమ్ముడే దానికి మల్లి అని పేరు పెట్టాడు.

మల్లి మరునాడే మూడు కాళ్ళ మీద లేచి నిలబడింది. మాకంటే దానికే తొందర ఎక్కువ. నాలుగడుగులు వేసి వరండాలో నున్నటి బండల మీద జర్రున జారి పడింది. అప్పుడు మేము నేర్చుకున్న మొదటి సంగతి, దానికి కావాల్సింది మన జాలి కాదు, జారని నేల అని. పాత గోనెసంచులు విప్పి దారి పొడవునా పరిచాం. గోళ్ళు పెరిగితే పట్టు తప్పుతుంది కాబట్టి దవాఖానకు పోయినప్పుడల్లా కత్తిరింపించాం. కుట్లు నాకకుండా ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి మెడకు తొడిగాం. పన్నెండో రోజు కుట్లు విప్పారు. ఒకేసారి దూరం నడిపించకుండా, రోజుకు నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా తిప్పాం. నొప్పిగా ఉందేమోనని మనం వేసుకునే మాత్ర ఇవ్వబోయిన ఒకరిని డాక్టర్ గారు గట్టిగా మందలించారు. మనుషుల నొప్పి మాత్రలు కుక్క ప్రాణానికే ముప్పట. కోడికూర రోజున ఉడికిన ఎముకలు వేయొద్దన్నారు. అవి పేళ్ళుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. ముఖ్యంగా లావెక్కనివ్వొద్దన్నారు. నాలుగు కాళ్ళు మోయాల్సిన బరువు మూడు కాళ్ళు మోస్తున్నాయి కదా.

ఒక్క విషయం మాత్రం ఏ డాక్టరూ చెప్పకుండానే తెలిసింది. మల్లికి కుడిచెవి దురద పెడితే గోక్కోవడానికి కుడివైపు వెనక కాలు లేదు. దురద పుట్టినప్పుడు లేని కాలి చోట కండ మాత్రం టకటకా కొట్టుకుంటుంది. చెవికి ఏమీ అందదు. అప్పుడు పక్కన ఉన్నవాళ్ళు కుడిచెవి గోకాలి. స్టడీ అవర్‌లో పుస్తకం ఒక చేత్తో, మల్లి చెవి ఒక చేత్తో పట్టుకుని లెక్కలు చేసినవాళ్ళున్నారు.

ఇంతదాకా చెప్పింది మేము గొప్పగా చెప్పుకునే సంగతి. ఇక తప్పు సంగతి చెప్తాం.

దసరాకు సెప్టెంబరు 21 నుంచి అక్టోబరు 3 దాకా సెలవులిచ్చారు. ట్రంకు పెట్టెలకు తాళాలు వేసి, బట్టలు సంచుల్లో సర్దుకుని సంతోషంగా బస్సెక్కాం. మల్లిని ఎవరు చూస్తారని నూట ఇరవై మందిలో ఒక్కడు కూడా ఆలోచించలేదు. ప్రతి ఒక్కడూ ఇంకొకడు చెప్పి ఉంటాడనుకున్నాడు. వాచ్‌మన్ అన్న తన టిఫిన్ డబ్బాలోంచే ఇంత అన్నం వేశాడు, ఆయన తప్పేమీ లేదు. కానీ గోనెసంచులు వానకు తడిసి కుళ్ళిపోయాయి. మల్లి మళ్ళీ బండల మీద జారింది, ఈడ్చుకుంటూ తిరిగింది. మేము వచ్చేసరికి మిగిలిన ఆ ఒక్క వెనక కాలి మడమ దగ్గర పుండు పడి పురుగులు పట్టాయి. మమ్మల్ని చూసి లేవలేక, పడుకునే తోక ఊపింది.

అప్పుడు కామాటి అక్క ముందుకొచ్చింది. మేము ముక్కు మూసుకుని నిలబడితే ఆమె తన చేత్తో ఆ పుండు కడిగింది, దవాఖాన నుంచి మందు తెచ్చి కొట్టింది, పది రోజులు పొద్దునా మాపూ చూసింది. ఆమె మమ్మల్ని తిట్టలేదు. ఒక్క మాటే అంది: "అన్నం అందరూ ఏస్తరు బిడ్డా. సాకేటోళ్ళు ఒక్కరుండాలె."

ఆ మాటే ఈ వ్యాసానికి పేరు. నూట ఇరవై మంది ప్రేమించిన కుక్కకు సొంతవాళ్ళు ఒక్కరూ లేరు. మనం దాన్ని సాకుతున్నామని అనుకున్నాం గానీ, నిజానికి మన సంతోషం కోసం అన్నం వేశాం.

ఆ తర్వాత 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బడులు, దవాఖానలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల నుంచి వీధికుక్కలను తీసి, టీకా వేసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, షెల్టర్లలో ఉంచాలని ఆదేశించింది. పేపర్లో ఆ వార్త చదివి హాస్టల్ రెండు ముక్కలైంది. "అధికారులు తనిఖీకి వచ్చిన రోజు మల్లిని ట్యాంకు వెనకాల దాచేద్దాం" అన్నారు కొందరు. నాలుగో తరగతి తమ్ముడొకడు మాత్రం లోపల సంతోషించాడు. వాణ్ణి ఊళ్ళో ఏదో కుక్క కరిచింది. అప్పటి నుంచి మల్లి దగ్గరికొస్తే చాలు గోడకు అతుక్కుపోయేవాడు. వాడి భయాన్ని మేము ఎన్నోసార్లు ఎగతాళి చేశాం. అదీ తప్పే. ఈ హాస్టల్ మాకెంతో వాడికీ అంతే. వాడు భయపడకుండా పడుకోవడం వాడి హక్కు.

దాచడం మాకు నచ్చలేదు. దాచిపెట్టి బతికించే బతుకు ఏ రోజైనా బయటపడుతుంది. పైగా వార్డెన్ సార్‌కు మాట వస్తుంది. ఇంకో సంగతి కూడా ఆలోచించాం. ఏప్రిల్‌లో బడి మూస్తే జూన్ దాకా హాస్టల్ ఖాళీ. మేమైతే పరీక్షలు రాసి శాశ్వతంగా వెళ్ళిపోతాం. పదమూడు రోజులకే పుండు పడితే, యాభై రోజులకు ఏమవుతుంది? కోర్టు చెప్పకపోయినా మేము ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిందే. హాస్టల్ అనే బిల్డింగ్ కుక్కను సాకలేదు. ఒక ఇల్లు సాకుతుంది.

ఆ ఇల్లు కామాటి అక్కదే అయింది. ఎవరూ అడగకముందే ఆమె, "నేను తీస్కపోత" అంది. మేము ఊరికే అప్పగించలేదు, ఈసారి కాగితం మీద రాసుకున్నాం. పోయే ముందే రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ పూర్తి చేయించాం. ఏటా టీకా ఖర్చు పదో తరగతి బ్యాచ్‌ది. మేము వెళ్ళిపోయినా ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు అక్క దగ్గర ఉన్నాయి. చూడ్డానికి ఇద్దరిద్దరే పోవాలి, గుంపుగా పోకూడదు.

కొత్త ఇంట్లో మల్లి మొదట రెండు రోజులు మంచం కింద నుంచి రాలేదు. మూలకు ముఖం పెట్టి పడుకుంది. వీధిలో కుక్కలు ఒకటే మొరుగుడు. పారిపోవడానికి దానికి మూడే కాళ్ళు. అక్క దాన్ని బలవంతంగా లాగలేదు. అదే వేళకు అన్నం, అదే మూల, కింద పాత బొంత. పొద్దున్నే వీధి సందడి మొదలుకాకముందే తాడు కట్టి కొంత దూరం తిప్పింది. వారం తర్వాత మంచం కింద నుంచి వచ్చింది. మట్టి వాకిలి కాబట్టి జారదు. ఇప్పుడు కోళ్ళను తరుముతుంది, పట్టుకోవడం మాత్రం చేతకాదు. మేము పోతే కుడిచెవి ముందుకు పెడుతుంది.

నిజం చెప్పాలంటే, అది మమ్మల్ని చూసి తోక ఊపి, మళ్ళీ అక్క దగ్గరికే పోయి పడుకున్నప్పుడు మాకు కాస్త బాధేసింది. ఆ బాధ పడాల్సిందే అనుకున్నాం. సాకినవాళ్ళ దగ్గరికే అది పోవాలి.

మిత్రులారా, మన రాజ్యాంగంలో 51ఎ అధికరణం కింద పౌరుల ప్రాథమిక విధులు 1976లో చేర్చారు. ప్రాణుల పట్ల దయ చూపడం అందులో ఒకటి. పరీక్షల్లో ఒక మార్కు బిట్టుగా దాన్ని బట్టీపట్టాం. విధి అంటే బుద్ధి పుట్టినప్పుడు చేసేది కాదని, సెలవుల్లో కూడా చేసేదని మల్లి దగ్గర నేర్చుకున్నాం. మనం హాస్టల్ పిల్లలం. పండుగనాడు వచ్చి పండ్లు పంచి, ఫోటో దిగి పోయేవాళ్ళను చూశాం. జ్వరమొచ్చిన రాత్రి తల దగ్గర కూర్చున్నవాళ్ళనూ చూశాం. ఆ రెంటికీ ఉన్న తేడా మనకంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసి కూడా మల్లి విషయంలో మేము పండ్లు పంచినవాళ్ళలాగే ఉన్నాం. మాకు సిగ్గనిపించింది అందుకే.

కాబట్టి పాత విద్యార్థులకు మా మనవి. మీలో చాలామందికి ఇప్పుడు ఇళ్ళున్నాయి, వాకిళ్ళున్నాయి. పిల్లలు కుక్కపిల్ల కావాలని మారాం చేస్తే వేలు పోసి జాతికుక్కను కొనకండి. షెల్టర్లలో మన ఊరకుక్కలే ఉన్నాయి. అందులో కాలు లేనిది, కన్ను లేనిది ఉంటే ముందు దాన్ని అడగండి, ఎందుకంటే దాన్ని అందరూ చివర అడుగుతారు. కానీ తెచ్చుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: "మేము ఊరికి పోతే దీన్ని ఎవరు చూస్తారు?" దానికి జవాబుగా ఒక మనిషి పేరు చెప్పగలిగితేనే తెచ్చుకోండి. చెప్పలేకపోతే వద్దు. సాకుతున్నవాళ్ళకు టీకా ఖర్చు పంపండి, అదీ మేలే. జులై 6 ప్రపంచ జూనోసిస్ దినం నాడు పశువైద్యశాలల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. మీ వీధి కుక్కలను ఆ రోజు అక్కడికి చేర్చండి.

చిన్న తమ్ముళ్ళకు ఒక మాట. కుక్క కరిచినా, గీరినా దాచకండి. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి, వెంటనే సార్‌కు చెప్పి ప్రభుత్వ దవాఖానకు పోండి. పసుపు, కారం పెట్టకండి. డాక్టర్ చెప్పిన సూదులన్నీ వేయించుకోండి, ఒక్కటి కూడా మానకండి.

మార్చిలో మా పరీక్షలు. తర్వాత ఈ గేటు దాటి పోతాం. పోయే రోజు మల్లికి చెప్పకుండా పోము. వచ్చే ఏడాది తొమ్మిది నుంచి పదికి వచ్చే తమ్ముళ్ళూ, టీకా కార్డు అక్క ఇంట్లో గోడకు తగిలించి ఉంది. తేదీ చూసుకోండి. కుడిచెవి మరిచిపోకండి.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
పదో తరగతి విద్యార్థులు