లెక్కా పత్రం: లిథియం సెల్స్ కొనేముందు

పోయిన సంచికలో నగల రుణం గురించి వ్రాసినది చదివి, "ఆడవారికి పనికివచ్చే మాట చెప్పారు, మా కుర్రవాళ్ళకు కూడా ఒకటి చెప్పండి" అని విళాత్తికుళం నుంచి ఒక పెద్దాయన కబురు పంపారు. వారి మనవడు పాత సైకిలుకు కరెంటు మోటారు బిగించుకున్నాడట. బ్యాటరీ మాత్రం తయారుది కొనను, సెల్స్ తెచ్చి నేనే కట్టుకుంటానని కూర్చున్నాడు. తయారు బ్యాటరీ ధరలో సగానికే అయిపోతుందని అతని వాదన.

బి.కాం. చదివి బ్యాంకులో వడ్డీలు లెక్కగట్టేవాడికి బ్యాటరీ సంగతి ఏం తెలుసునని మీకు అనిపించవచ్చు. న్యాయమే. కానీ బ్యాటరీలు కట్టే చిన్న వర్క్‌షాపులకు ముద్రా రుణం కావాలని దరఖాస్తులు వస్తున్నవి. వాటితోపాటు వచ్చే కొటేషన్లలో "18650, ఎ గ్రేడు" అని వ్రాసి ఉంటే, అది ఏమిటో తెలియకుండా సంతకం పెట్టడం నాకు అలవాటు లేదు. తెలిసినవారిని అడిగి, చదివి నేర్చుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాను. తెలుగు చదవడం రాని పిల్లలు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు గనుక, పెద్దవాళ్ళు దయచేసి చదివి వినిపించండి.

ముందుగా ప్రమాదం మాట. 2022 మార్చిలో వేలూరులో ఇంటి దగ్గర ఛార్జింగులో ఉన్న స్కూటరు అంటుకుని, ఆ పొగకు తండ్రీ కూతురూ చనిపోయారు. ఏప్రిల్‌లో నిజామాబాదులో ఒక ముసలాయన, అదే నెలలో విజయవాడలో పడకగదిలో బ్యాటరీ ఛార్జింగుకు పెట్టి పడుకున్న ఒక గృహస్థు పోయారు. సెప్టెంబరులో సికింద్రాబాదులో కరెంటు స్కూటర్ల షోరూము పైనున్న హోటలులో 8 మంది చనిపోయారు. ఆ బండ్లు ఇంట్లో కట్టినవి కావు, అంగట్లో కొన్నవే. ఆ తరువాతనే కేంద్ర ప్రభుత్వం బండి బ్యాటరీల నిబంధనలు బిగించి, 2022 డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండవ విడత అమలు చేసింది. ఇంట్లో కట్టే బ్యాటరీకి ఆ పరీక్షలేవీ ఉండవు. పరీక్ష చేయవలసినవాడు కట్టేవాడే.

ఇది ఎందుకు అంటుకుంటుందో కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి వైపు వారికి చెప్పడం సులభం. అగ్గిపుల్ల తలలో పొటాషియం క్లోరేటు ఉంటుంది, పెట్టె పక్కన ఎర్ర భాస్వరం ఉంటుంది. రెండూ ఎడంగా ఉన్నంతసేపు జేబులో పెట్టుకుని తిరగవచ్చు. లిథియం సెల్‌లో కూడా అటువంటి రెండు పక్షాలు ఒకే డబ్బాలో చుట్టచుట్టి ఉంటవి. మధ్య అడ్డం వెంట్రుకకంటె పలుచనైన ప్లాస్టిక్ పొర, చుట్టూ మండే స్వభావం గల ద్రవం. ఆ పొర చిరిగినా, అతిగా ఛార్జి అయినా, బాగా వేడెక్కినా లోపల మంట పుడుతుంది. బయట గాలి తగలకపోయినా ఆగదు. ఎందుకంటే కొన్ని రకాల సెల్స్‌లో ధన ధ్రువపు పదార్థమే వేడికి ఆక్సిజన్ వదులుతుంది.

కొన్ని రకాలు అన్నాను. అసలు ఎంపిక అక్కడే ఉన్నది. బజారులో ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి నికెల్, మాంగనీసు, కోబాల్టు కలిసినది, దానిని ఎన్.ఎం.సి. అంటారు. సెల్ ఒక్కటికి సుమారు 3.6 వోల్టులు, నిండితే 4.2. రెండవది ఇనుము, ఫాస్ఫేటు కలిసిన ఎల్.ఎఫ్.పి. దీనికి 3.2 వోల్టులు, నిండితే 3.65. మొదటిది తేలిక, రెండవది బరువు. అయితే ఫాస్ఫేటులో భాస్వరం ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది గనుక ఎల్.ఎఫ్.పి. అంత సులభంగా మంట అందుకోదు, ఎక్కువ ఏళ్ళు కూడా వస్తుంది. అగ్గిపెట్టెలో నిప్పు పుట్టించే భాస్వరం ఇక్కడ నిప్పుకు అడ్డం నిలవడం నాకు భలే వింతగా తోచింది.

ఈ ఫాస్ఫేటు జాతి వెనుక మన దక్షిణాది బిడ్డ ఒకరు ఉన్నారు. అరుముగం మంథిరం గారు దక్షిణ తమిళనాడులో అమరపురం అనే పల్లెలో పుట్టి, మదురైలో కెమిస్ట్రీ చదివి, అమెరికా వెళ్ళి జాన్ గుడెనఫ్ గారి వద్ద పనిచేశారు. ఫాస్ఫేటు వంటి సమ్మేళనాలతో బ్యాటరీకి ధన ధ్రువం చేయవచ్చుననే దారి వారిద్దరి పనితోనే తెరుచుకున్నది. ఎల్.ఎఫ్.పి. 1997లో ప్రకటితమయింది. 2019లో గుడెనఫ్ గారికి నోబెల్ బహుమానం వచ్చినప్పుడు, వారి తరఫున ఉపన్యాసం చదివినది మంథిరం గారే. లిథియం అనగానే చైనా సరుకని మొగం తిప్పుకునే పెద్దలు ఈ సంగతి గమనించాలి.

ఇక లెక్కకు వద్దాం. రోజుకు 30 కిలోమీటర్లు తిరగాలి, అప్పుడప్పుడు తొక్కుతూ పోతే కిలోమీటరుకు 15 వాట్ అవర్లు అనుకుందాం. 450 కావాలి. బ్యాటరీని పూర్తిగా ఎండగట్టకూడదు గనుక నూటికి 20 వంతులు చేతిలో ఉంచుకుంటే 560 పైచిలుకు. 48 వోల్టుల మోటారుకు ఎన్.ఎం.సి. అయితే 2600 మిల్లీ ఆంపియర్ అవర్ల 18650 సెల్స్ వరుసకు 13, అటువంటివి 5 వరుసలు, మొత్తం 65. శక్తి 608 వాట్ అవర్లు, సెల్స్ బరువు సుమారు 3 కిలోలు. ఎల్.ఎఫ్.పి.లో 32700 అనే లావు సెల్స్ 6 ఆంపియర్ అవర్లవి తీసుకుంటే వరుసకు 16, రెండు వరుసలు, మొత్తం 32. శక్తి 614, బరువు నాలుగున్నర కిలోలు. సైకిలుకు కిలోన్నర తేడా పెద్ద భారం కాదు. మన ఎండలకు, మన రేకుల కప్పులకు, నేనైతే ఎల్.ఎఫ్.పి. వైపే చేయి చూపిస్తాను. ఎక్కువ సెల్స్‌కు ఛార్జి చేసేటప్పుడు 45 డిగ్రీలు దాటకూడదన్నది కంపెనీ షరతు. మే నెల మధ్యాహ్నం విళాత్తికుళంలో రేకు కింద ఆ గీత ఎంత దూరంలో ఉంటుందో మీకే తెలుసు. తిరిగి వచ్చిన బండి చల్లబడిన తరువాతనే ఛార్జికి పెట్టాలి.

రెండింటి ఛార్జర్లు వేరు. 13 సెల్స్ ఎన్.ఎం.సి.కి 54.6 వోల్టులు, 16 సెల్స్ ఎల్.ఎఫ్.పి.కి 58.4. ఇంట్లో రెండూ ఉండి, రెండవది మొదటిదానికి తగిలిస్తే, ఒక్కొక్క సెల్‌కు 4.2కు బదులు దాదాపు 4.5 వోల్టులు ఎక్కించినట్లు. రక్షణ సర్క్యూటు, అంటే బి.ఎం.ఎస్., పనిచేస్తే ఆపుతుంది. పనిచేయకపోతే పైన చెప్పిన వార్తలే. రెండు ఛార్జర్లకు రెండు రకాల పిన్నులు పెట్టించండి.

కొనే చోటు సంగతి. చెన్నై రిచీ వీధిలో దొరుకుతవి, మదురైలో దొరుకుతవి, కొరియరులో ఇంటికే వస్తవి. ఏ చోటయినా సరుకు మూడు రకాలు: కంపెనీ కొత్తవి, కంపెనీ పక్కన పెట్టినవి, పాత ల్యాప్‌టాపుల నుంచి, బండ్ల నుంచి ఊడదీసి కొత్త ప్లాస్టిక్ తొడిగినవి. మూడింటి మీదా "ఎ గ్రేడు" అనే ఉంటుంది. విరుదునగర్ మండీలో పప్పు కొనే వ్యాపారి గోనె మీది ముద్ర చూచి బేరం చేయడు, లోపలికి ఇనుప గొట్టం గుచ్చి గింజలు అరచేతిలో పోసుకుని చూస్తాడు. ఇక్కడా అంతే.

18650 అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు. ఆ కొలతలో మామూలుగా నిజంగా పట్టేది 3500, 3600 మిల్లీ ఆంపియర్ అవర్ల వరకు. దాని మీద 5000 అనో 9900 అనో అచ్చువేసి ఉంటే ఇక మాట్లాడవలసిన పని లేదు. తరువాత తూకం. మంచి సెల్ 45 గ్రాముల అటూ ఇటూగా ఉంటుంది, బొత్తిగా తేలిపోయి 30, 35 గ్రాములు తూగేది దొంగ సరుకు. నగలు తూచే తక్కెడ ఎవరింట్లో ఉన్నా చాలు. రెండు కొసలూ కంటికి దగ్గరగా పెట్టి చూడండి. వెల్డింగు చుక్కలు, ఆకురాయితో గీకిన గుర్తులు ఉంటే అది ఒకసారి కాపురం చేసి వచ్చినదే.

వోల్టుమీటరుతో అన్నింటినీ కొలవాలి. కొత్త సెల్స్‌ను కంపెనీలు సగం లోపు ఛార్జితోనే పంపుతవి, విమానంలో పంపే సెల్స్‌కు నూటికి 30 వంతులకు మించి ఉండకూడదని 2016 నుంచి నియమం. ఒకే పెట్టెలోని 65 సెల్స్ దాదాపు ఒకే అంకె చూపించాలి. ఒకటి 3.5, ఒకటి 3.1, ఒకటి 2.2 చూపిస్తే అవి పది ఇళ్ళ నుంచి వచ్చినవి. అంకెలు సెల్ మీదనే వ్రాసి, రెండు వారాలు గూట్లో పెట్టి మళ్ళీ కొలవండి. తాకకుండానే దిగిపోయిన సెల్‌కు లోపల రోగం ఉన్నది. ఈ రెండు వారాల ఓపిక మన కుర్రవాళ్ళకు ఉండదు, తాతలు కాపలా కాయాలి. ఓ అయిదారు సెల్స్‌ను పూర్తిగా నింపి, ఖాళీ చేసి ఎంత ఇచ్చాయో కొలిచే ఛార్జర్లు కూడా ఉన్నవి, ఒకటి కొనడం దండగ కాదు. లోపలి నిరోధం కొలవడానికి మాత్రం మామూలు మీటరు పనికిరాదు, దానికి వేరే పరికరం ఉన్నది. అది ఉన్న అంగడివాడు మీ ముందే కొలిచి ఇస్తే మంచివాడు.

ఒక్క సెల్ బలహీనమైతే ఏమి పోయిందని అడుగుతారు. వరుసలో అన్నింటికంటె ముందు అది ఖాళీ అవుతుంది, అన్నింటికంటె ముందు అది నిండుతుంది, తక్కిన వాటి భారం దాని మీద పడుతుంది. జామీను గుంపులో ఒక్కడు కిస్తీ ఎగ్గొడితే తక్కినవారి ఖాతాలు ఏమవుతవో మా శాఖకు వచ్చి చూడండి.

మోటారు ఎక్కేటప్పుడు 15 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, 5 వరుసలలో ఒక్కొక్క సెల్‌కు 3, రెండు వరుసలలో ఏడున్నర. సెల్ డేటాషీటు అడిగి, ఎడతెగకుండా అంత ఇవ్వగలదా అని చూచుకోవాలి. డేటాషీటు లేదన్న అంగడికి దండం పెట్టి రండి. బి.ఐ.ఎస్. గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషను నంబరు ఉండాలి. ఆ నంబరును బి.ఐ.ఎస్. కేర్ అనే ఫోను యాప్‌లో వేసి చూస్తే ఎవరి పేరున ఉన్నదో తెలుస్తుంది.

ధర మాట నా శాఖ. కేవలం లెక్క కోసం, బిల్లుతో సెల్ 200 రూపాయలు, బిల్లు లేకుండా 90 అనుకుందాం. 65 సెల్స్‌కు 13,000, దాని మీద జి.ఎస్.టి. నూటికి 18 చొప్పున 2,340, మొత్తం 15,340. బిల్లు లేనిది 5,850. కుర్రవాడు తొమ్మిదిన్నర వేలు మిగిలినట్లే చూస్తాడు. మంచి సెల్ 500 సార్లు ఛార్జి అయ్యి, ప్రతిసారి 30 కిలోమీటర్లు తీసుకుపోతే 15,000 కిలోమీటర్లు, కిలోమీటరుకు రూపాయి పైన రెండు పైసలు. ఊడదీసిన సెల్ సగమే పట్టి, 15 కిలోమీటర్లు పోయి, 100 సార్లకు చచ్చిందనుకుంటే 1,500 కిలోమీటర్లు, కిలోమీటరుకు 3 రూపాయల 90 పైసలు. ఇందులో ఇల్లు కాలిన ఖర్చు కలపలేదు.

కట్టే పని గురించి రెండే మాటలు. సెల్‌కు నేరుగా సోల్డరింగు పెట్టకూడదు, ఆ వేడి లోపలికి పోతుంది, స్పాట్ వెల్డింగే చేయించాలి. కలిపే పట్టీ అసలు నికెలా, నికెల్ పూత వేసిన ఇనుమా తెలియాలంటే ఒక ముక్కను ఆకురాయితో గీకి ఉప్పునీళ్ళలో రెండు మూడు రోజులు వేయండి, ఇనుమయితే తుప్పు పడుతుంది. తక్కినది చేతి పని తెలిసినవారి దగ్గర నేర్చుకోవలసినది, పత్రికలో చదివి చేసేది కాదు.

చట్టం కూడా చెప్పాలి. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, పరీక్షా సంస్థ ఆమోదం ఉన్న సైకిలుకే లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కరలేదు. రిజిస్టరైన స్కూటరులో సొంతంగా కట్టిన బ్యాటరీ దూర్చడం అనుమతి లేని మార్పు కిందికి వస్తుంది. ఆ పెద్దాయన మనవడు సైకిలుతో ఆగితే మంచిది. మేనమామ స్కూటరు మీద కూడా కన్ను వేశాడని విన్నాను.

ఛార్జింగు వసారాలోనో, బయట గచ్చు మీదనో పెట్టండి. మెట్ల కింద, వాకిలి గుమ్మం దగ్గర వద్దు, అంటుకుంటే బయటపడే దారి అదే. పడుకునే గదిలో అసలే వద్దు. పొగ కనిపిస్తే మనుషులను బయటకు తీసి 101కి ఫోను చేయండి. ఆ పొగ విషం. ఇటువంటి మంటకు కావలసినది బ్యాటరీని చల్లబరిచేటన్ని నీళ్ళు, అది ఫైరింజను వారి పని. పిడికెడు ఇసుక చల్లితే పైకి ఆరినట్లుండి లోపల రాజుతూనే ఉంటుంది.

చచ్చిన సెల్స్‌ను చెత్తబుట్టలో, పాత ఇనుము బండిలో వేయకండి. రెండు కొసలకూ టేపు అంటించి, మూత ఉన్న డబ్బాలో, అగ్గిపెట్టెల సరుకుకు దూరంగా పెట్టండి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారుదారులు, దిగుమతిదారులు పాత బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత వహించాలి. సెల్స్ కొన్న రోజునే "పాతవి తిరిగి ఎవరికి ఇవ్వాలి?" అని అంగడివాడిని అడిగి, ఆ చిరునామా బిల్లు వెనుక వ్రాయించుకోండి.