నీటిలో కరిగిన సైంధవం

సైంధవ లవణం వాడుతున్నాము గనుక ఉప్పు విషయమై మాకు పథ్యమక్కరలేదని చెప్పే రక్తపోటు రోగులు జంగారెడ్డిగూడెంలోని నా వైద్యశాలకు తరచుగా వస్తున్నారు. కొందరు వాడుతున్న మాత్రలను సైతం మానివేసి, కాళ్ళవాపుతో వస్తారు. ఈ భ్రమ ఆయుర్వేదం పేరిట వ్యాపించినది గనుక దీనిని ఖండించవలసిన బాధ్యత ఆయుర్వేద వైద్యులదే.

లవణాలలో సైంధవం శ్రేష్ఠమని చరకుడు చెప్పిన మాట నిజం. గురుకులంలో మేము వల్లించినదే. అయితే పిప్పలి, క్షారం, లవణం అనే మూడింటిని అతిగా సేవించరాదన్న హెచ్చరిక కూడా చరక సంహితలోనే, విమానస్థానంలో ఉన్నది. మొదటి మాట అందరికీ కంఠస్థం. రెండవది ఎవరికీ గుర్తు రాదు!

ఇక ఉప్పు నీటిలో ఏమగునో చూడండి. ఉప్పుకల్లులో ధనావేశం గల సోడియం, రుణావేశం గల క్లోరైడు పరస్పరాకర్షణచే వరుసలు తీరి ఉంటాయి. నీటి అణువులో ఆక్సిజన్ వైపు కొంత రుణావేశం, హైడ్రోజన్ వైపు కొంత ధనావేశం ఉన్నది. ఉప్పు నీటిలో పడగానే ఆక్సిజన్ వైపులు సోడియంను, హైడ్రోజన్ వైపులు క్లోరైడును చుట్టుముట్టి ఒక్కొక్కటిగా ఊడదీస్తాయి. ఇట్లు విడివడిన కణాలే అయానులు. పంచదారయూ కరుగుతుంది గాని దాని అణువు చీలదు. అందుచేతనే ఉప్పునీటిలో విద్యుత్తు ప్రవహించినట్లు పంచదార నీటిలో ప్రవహించదు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు అరీనియస్ 1884లో సమర్పించిన సిద్ధాంత వ్యాసానికి పరీక్షకులు తక్కువ శ్రేణి ఇచ్చారు. అందులో మొలకెత్తిన అయానుల సిద్ధాంతానికే 1903లో నోబెల్ బహుమతి లభించినది. పరీక్షకులు ఎక్కడైనా పరీక్షకులే.

కనుక పప్పుచారులో కరిగిన పిమ్మట, ఆ సోడియం కొండగనిలో పుట్టినదో, నౌపడ ఉప్పుమళ్ళలో పుట్టినదో తెలిపే గుర్తేదీ దానిపై ఉండదు. మూత్రపిండాలకు రెండూ ఒక్కటే. సైంధవంలోనూ అత్యధిక భాగం సోడియం క్లోరైడే. అందు గ్రాముకు సుమారు 0.39 గ్రాము సోడియం. తక్కిన ఖనిజాలు రంగుకు చాలునేమో గాని, రక్తపోటుకు విరుగుడు కాజాలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాములకు లోపే ఉప్పు ఉండాలంటున్నది. మన ఆవకాయ, ఊరమిరపకాయ, మజ్జిగలో వేసుకునే చిటికెడు, అన్నీ ఆ లెక్కలోనివే. పైగా మామూలు సైంధవంలో, అయొడైజ్డు ఉప్పులో వలె అయోడిన్ చేర్చి ఉండదు.

ఇట్లు విడివడిన సోడియం శక్తి ఎంతటిదో అతిసారంలో చూడవచ్చు. 1971లో బంగాళ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి ఎందరినో బ్రతికించారు. ప్రేగు గోడలో గ్లూకోజు, సోడియం అయానులు జంటగా లోనికి పోతాయి. వాటి వెంట నీరు పోతుంది. అట్లు నీటిని నిలిపి ప్రాణం కాపాడిన సోడియమే, మితి మీరినచో రక్తపోటు రోగి దేహంలో నీటిని నిలిపి వాపు తెస్తుంది.

హింగ్వాష్టక చూర్ణంలో నేను సైంధవమే వేస్తాను. అజీర్ణానికి దాని గుణం నాకు తెలుసు. రక్తపోటు ఉన్నవారికి ఆ చూర్ణం ఇవ్వవలసి వచ్చినప్పుడు మాత్రం, అందులోని సైంధవాన్ని కూడా ఆనాటి ఉప్పు లెక్కలో కలుపుకొమ్మని చెప్పి, ఆ పూట పచ్చడి మాన్పిస్తాను.