వంగిన గోల్ఫు కర్ర

పిల్లలూ, గోల్ఫు ఆటలో బంతిని కొట్టే కర్రకు కింది కొసన బరువైన తల ఉంటుంది. దాని పొడుగాటి కాడను పూర్వం హికరీ అనే చెట్టు కొయ్యతో చేసేవారు. 1929లో బ్రిటన్‌లోని ఆట పెద్దలు ఉక్కు కాడను అనుమతించారు. ఇప్పుడు కార్బను నారతో చేసిన కాడలు కూడా ఉన్నాయి. మరి ఇంత గట్టి కాడ, బంతిని కొట్టేటప్పుడు వంగుతుందా?

ఈ ప్రశ్న మీదనే గాజులరామారంలో ఇద్దరు స్నేహితులకు మాటలు లేకుండా పోయాయి. వారిలో ఒకడు తండ్రితో గోల్కొండ కోట చూడబోయాడు. అక్కడ నయాకిలాలో గోల్ఫు మైదానం ఉంది. ఒకాయన బంతి కొడుతూంటే కుర్రవాడు తండ్రి ఫోనుతో బొమ్మ తీశాడు. బొమ్మలో కర్ర కొడవలిలాగా వంగి ఉంది! మర్నాడు బడిలో ఆ సంగతి చెబితే స్నేహితుడు నవ్వి, "ఉక్కు గొట్టం వంగుతుందా? నువ్వు వట్టి అబద్ధాలకోరువి!" అన్నాడు.

కుర్రవాడు ఏడుపు ముఖంతో ఇంటికి వచ్చి తాతతో చెప్పుకున్నాడు. తాత జీడిమెట్లలో ఏళ్ళ తరబడి యంత్రాల మీద పనిచేసినవాడు.

"ఏడవకు బిడ్డా. కర్రనే అడిగి చూద్దాం," అంటూ తాత ఒక సన్నని వెదురు బద్ద కొసకు నిమ్మకాయంత బంకమన్ను ముద్ద పెట్టి, గుడ్డతో గట్టిగా కట్టాడు. "రెండో కొస పట్టుకుని గబాలున పక్కకు ఊపు," అన్నాడు.

కుర్రవాడు ఊపాడు. చెయ్యి ముందుకు వచ్చింది గాని, ముద్ద వెంటనే రాలేదు. బద్ద వెనక్కు వంగింది.

"చూశావా? బరువైన వస్తువు ఉన్నచోటు నుంచి అంత తొందరగా కదలదు. గోల్ఫు కర్ర తలా అంతే. చేతులు కిందికి లాగగానే తల వెనకబడుతుంది, కాడ వంగుతుంది. ఎంత చురుకుగా లాగితే అంత వంపు. పైనుంచి బంతిదాకా రావటానికి పట్టేది సుమారు పావు సెకను. ఈలోగానే వంపు తిరగబడి, బంతిని తాకేవేళకు కాడ ముందుకు వంగుతుంది."

"అదెట్లా తాతా?"

"తల బరువు కాడకు సూటిగా ఉండదు, కాస్త వెనకపక్కగా ఉంటుంది. చెంబుకు తాడు కట్టి గిరగిరా తిప్పితే అది బయటికి లాగుతుంది కదా? అట్లాగే తల కూడా బయటికి లాగుతూ, తన బరువును చేతులకు సూటిగా తెచ్చుకోబోతుంది. దాంతో కాడ ముందుకు వంగుతుంది."

"అయితే నేను చెప్పిందే నిజం!" అని కుర్రవాడు గంతు వేశాడు.

"సగమే నిజం. ఫోను బొమ్మనంతా ఒక్కసారిగా తీయదు, వరస తరవాత వరసగా తీస్తుంది. ఈలోపల కర్ర జరిగిపోతుంది. అందుచేత తిన్నని కర్ర కూడా వంకరగా పడుతుంది. నీ బొమ్మలో కనిపించే కొడవలి వంపులో చాలా భాగం ఫోను కల్పించినదే!"

"మరి అసలు వంపును ఎవరు చూశారు?"

"అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే ఇంజనీరు ఉండేవాడు. సెకనులో ఎన్నోసార్లు మెరిసే దీపంతో, 1930ల్లోనే గోల్ఫు దెబ్బను అంచెలంచెలుగా ఒకే బొమ్మలో పట్టాడు. ఒక్కొక్క మెరుపు అతి కొద్దిసేపే ఉంటుంది గనక, కర్ర ఎక్కడికక్కడ ఆగిపోయినట్టు పడింది."

మర్నాడు కుర్రవాడు వెదురు బద్దను బడికి తీసుకుపోయి, స్నేహితుడి ఎదుట ఊపి చూపాడు. స్నేహితుడు కాసేపు ఊరుకుని, "నువ్వే గెలిచావు. నిన్ను అబద్ధాలకోరు అనటం నా తప్పే," అన్నాడు.

కుర్రవాడు అంతటితో ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కాని వాడు ఫోను సంగతి కూడా చెప్పేశాడు.

"అయితే నేనూ సగం గెలిచినట్టేగా!" అన్నాడు స్నేహితుడు. ఇద్దరూ ఫక్కున నవ్వుకున్నారు.

మీరు కూడా వెదురు బద్దతో చేసి చూడండి. ఊపేటప్పుడు దగ్గరలో ఎవరూ ఉండకూడదు సుమా!