కార్డు మారుతుందన్న మాట మీద నాలుగు లక్షలా?

ఇంజినీరింగ్ సీటు ఖాయమైన ఇంట్లో ఫీజు తర్వాత పెద్ద ఖర్చు ల్యాప్‌టాప్‌దే. కౌన్సెలింగ్ ముగిసే నాటికి హనుమకొండలోని కంప్యూటర్ షాపులు పిల్లలతో, తల్లిదండ్రులతో కిక్కిరిసిపోతాయి. ఒకప్పుడు యాభై వేలకు అటూ ఇటూ బేరం తెగేది. ఇప్పుడు పిల్లలు గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలంటున్నారు. అదీ కొత్తగా విడుదలైన పెద్ద మోడలే కావాలంటున్నారు. ధర మూడు లక్షల దగ్గర మొదలై నాలుగున్నర లక్షల దాకా పోతోంది. నౌకరీ చేసే వాళ్లే కాదు, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలి ఆ డబ్బుతో కొడుకును చదివిస్తున్న రైతు కూడా ఈ ధర విని ఆలోచనలో పడుతున్నాడు.

మా వీధిలో ఉండే మిత్రుడు మొన్న ఇదే అడిగాడు. “అన్నా, పిల్లగాడు నాలుగు లక్షల ల్యాప్‌టాప్ అంటుండు. కిస్తీలల్ల కట్టుకోవచ్చంట. ఇప్పియ్యమంటవా?” పక్కనే ఉన్న కొడుకు వెంటనే అందుకున్నాడు. “అంకుల్, ఇది మామూలుది కాదు, అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు. రేపు పెద్ద గేములొస్తే ర్యామ్ పెంచుకుంట, గ్రాఫిక్స్ కార్డు మార్చుకుంట. నాలుగేండ్ల దాకా ఇంకోటి అడగ.”

పిల్లవాడి లెక్క తప్పని నేననను. ఒకసారి గట్టిది కొని, భాగాలు మార్చుకుంటూ ఏళ్ల తరబడి వాడుకోవడం మన ఇళ్లకు నచ్చే పద్ధతే. కుక్కర్ గ్యాస్కెట్ మార్చి పదేళ్లు నడిపించే ఇళ్లు మనవి. అయితే ల్యాప్‌టాప్ విషయంలో ఆ మాట ఎంతవరకు చెల్లుతుందో తెలియాలంటే దాని అడుగు మూత విప్పి చూడాలి.

ఏ రిపేర్ షాపులోనైనా రెండు నిమిషాలు నిలబడితే కనిపిస్తుంది. పది పన్నెండు స్క్రూలు తీసి మూత ఎత్తితే రెండు పెద్ద ఫ్యాన్లు, వాటి మధ్య నల్లగానో రాగి రంగులోనో పరుచుకున్న గొట్టాలు. ఫ్యాన్ల ముందున్న సన్నని రెక్కల్లో ఏడాది దుమ్ము అట్టకట్టి ఉంటుంది. మధ్యలో ర్యామ్ స్లాట్లు రెండు. అటూ ఇటూ ఉన్న క్లిప్పులు వేళ్లతో పక్కకు లాగితే స్టిక్ టప్పున పైకి లేస్తుంది. పక్కనే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవున్న ఎస్ఎస్‌డీ, దానికి ఒకే ఒక్క స్క్రూ. ఈ రెండూ మార్చడం పదో తరగతి పిల్లలు కూడా నేర్చుకోగల పని. కొన్ని కొత్త మోడళ్లలో స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు, గడియ జరిపితే మూత వచ్చేస్తుంది.

గొట్టాల కింద ఉన్న రెండు చిప్పుల కథ వేరు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ మదర్‌బోర్డుకు టంకం వేసి ఉంటాయి. వాటి అడుగున కంటికి ఆనని టంకం గుళ్లు వందలకొద్దీ ఉంటాయి. చిప్ చెడిపోతే దాన్ని వేడిగాలితో ఊడదీసి, గుళ్లు మళ్లీ పేర్చి అతికిస్తారు. రిపేర్ వాళ్లు దాన్నే రీబాల్ అంటారు. అది ప్రాణం పోయే యంత్రాన్ని బతికించుకోవడానికి చేసే పని, పాత చిప్ తీసి కొత్త తరం చిప్ పెట్టుకునే దారి కాదు. షాపులో మీకు చూపించే గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నిటి నిర్మాణం ఇదే. అప్‌గ్రేడ్ అని పెట్టె మీద రాసి ఉంటే దానర్థం ర్యామ్, ఎస్ఎస్‌డీ. కార్డు కాదు. మా మిత్రుడి కొడుకు చూపించిన మోడల్ కూడా అలాంటిదే. ఆ సంగతి అతనికి షాపులో ఎవరూ చెప్పలేదు.

కార్డు కూడా మార్చుకునే ల్యాప్‌టాప్ ఎవరూ తయారు చేయలేదా అంటే, చేశారు. 2019 జనవరిలో లాస్ వేగస్‌లో డెల్ కంపెనీ ఏలియన్‌వేర్ ఏరియా-51ఎమ్ అనే మోడల్‌ను ప్రదర్శించింది. అందులో డెస్క్‌టాప్ ప్రాసెసర్ సాకెట్‌లో కూర్చుంటుంది, గ్రాఫిక్స్ కార్డు విడిగా ఊడి వస్తుంది. అప్పట్లో గేమర్లు దాన్ని కళ్లకద్దుకున్నారు. ఏడాదిన్నర తిరక్కుండానే, 2020లో, ఇంటెల్ పదో తరం ప్రాసెసర్లకు కొత్త సాకెట్ తెచ్చింది. అవి పాత బోర్డులో కూర్చోవు. డెల్ రెండో మోడల్ వేరుగా తెచ్చింది. ఎన్విడియా 30 సిరీస్ కార్డులు వచ్చినప్పుడు మొదటి మోడల్ కొన్నవాళ్ల యంత్రానికి సరిపోయే కార్డు రానే రాలేదు. అప్‌గ్రేడ్ పేరుతో తమను తప్పుదోవ పట్టించారంటూ 2021లో కాలిఫోర్నియా కోర్టులో కొనుగోలుదారులు డెల్ మీద దావా వేశారు. ఆ మోడల్ వరుస అక్కడితో ఆగిపోయింది. ఏరియా-51 పేరు 2025లో ల్యాప్‌టాప్‌ల మీదకు తిరిగి వచ్చింది, కానీ ఈసారి చిప్పులు బోర్డుకే అతికి ఉన్నాయి.

ఇందులో కంపెనీ మనసుతో పాటు భౌతికమైన ఇబ్బందీ ఉంది. ప్రతి తరం చిప్‌కూ పరిమాణం మారుతుంది, లాగే కరెంటు మారుతుంది, వేడిని మోసుకుపోయే గొట్టాలు దానికి తగ్గట్టు వంచాలి. డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో ఖాళీ ఉంటుంది గనుక కొత్త కార్డు తన ఫ్యాన్లు తానే వెంట తెచ్చుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో ఆ చోటు లేదు. రేపు వచ్చే చిప్‌కు సరిపడేలా ఇవాళే డబ్బా తయారు చేయాలంటే ఆ కంపెనీ ఏళ్ల తరబడి ఒకే కొలతకు కట్టుబడాలి.

అలా కట్టుబడిన కంపెనీ నాకు తెలిసి ఒకటే. ఆక్యులస్‌లో పనిచేసిన నీరవ్ పటేల్ స్థాపించిన ఫ్రేమ్‌వర్క్. వాళ్ల 16 అంగుళాల ల్యాప్‌టాప్ 2024 మొదట్లో కొనుగోలుదారుల చేతికి వచ్చింది. వెనక భాగంలో గ్రాఫిక్స్ కార్డు ఒక పెట్టెలా బిగుసుకుంటుంది. మొదట ఏఎమ్‌డీ కార్డుతో ఇచ్చారు. 2025 ఆగస్టులో అదే చోట బిగించుకునే ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5070 కార్డు ప్రకటించారు. అప్పట్లో ధర 699 డాలర్లు. పాత ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు కొత్తది కొనకుండానే కార్డు మార్చుకోగలిగారు. మాట నిలబెట్టుకున్న కంపెనీని మెచ్చుకోవాలి, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. కానీ ఆ ల్యాప్‌టాప్ మన దేశంలో అధికారికంగా అమ్మరు, ఇక్కడ సర్వీసూ లేదు.

“డల్లాస్‌ల మా బావ ఉన్నడు, వచ్చేటప్పుడు తెప్పించుకుంట” అన్నాడు ఆ అబ్బాయి. వరంగల్‌లో ఇలాంటి బావలు, అక్కలు లేని వీధి లేదు. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు తన సామానుతో ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అది నిజమే. అయితే రెండేళ్ల తర్వాత తెప్పించే కార్డు ల్యాప్‌టాప్ కాదు గనుక ఈ మినహాయింపు దానికి దొరకదు. మధ్యలో బోర్డు పోతే దాన్ని అమెరికాకు ఎవరు మోసుకుపోతారు? పరీక్షల ముందు యంత్రం మూలన పడితే ప్రాజెక్టు ఎవరు పూర్తి చేస్తారు? అమెరికాలో కొన్న పెద్ద బ్రాండ్ల విషయంలోనూ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. చాలామంది కొన్న తర్వాత అడుగుతున్నారు.

కార్డు సంగతి పక్కన పెట్టి, నాలుగు లక్షల యంత్రం మన ఊళ్లో ఎలా పనిచేస్తుందో చూద్దాం. మే నెలలో ఓరుగల్లులో బయట 43, 44 డిగ్రీలు ఉంటుంది. పై అంతస్తు స్లాబు కింద గదిలో పొద్దు గూకినా 35 దిగదు. చాలా కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌ను 35 డిగ్రీల గది ఉష్ణోగ్రత దాకా వాడమనే రాస్తాయి. ఫ్యాన్ లోపలికి లాగేది ఆ గది గాలినే. చిప్ వంద డిగ్రీలకు చేరువైతే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఏసీ గదిలో చేసిన పరీక్షల్లో సెకనుకు వచ్చిన ఫ్రేములు చూసి డబ్బు కట్టినవాళ్లకు, ఏసీ లేని హనుమకొండ గదిలో ఎండాకాలమంతా ఆ వేగం అందదు. ఈ పెద్ద మోడళ్లతో వచ్చే అడాప్టర్ 330 వాట్లు, ఆపై కూడా ఉంటుంది. పాత సీలింగ్ ఫ్యాన్లు నాలుగు తిరిగేంత కరెంటు. కరెంటు పోతే బ్యాటరీ మీద గేమ్ నడుస్తుంది కానీ కార్డు పూర్తి బలంతో పనిచేయదు.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ల్యాప్‌టాప్‌లోని ఆర్‌టీఎక్స్ 5090, డెస్క్‌టాప్‌లోని 5090 ఒకటి కాదు. డెస్క్‌టాప్ కార్డుకు 32 జీబీ మెమరీ, 575 వాట్లు. ల్యాప్‌టాప్ దానికి 24 జీబీ, గట్టిగా 175 వాట్లు. కింది మోడళ్లలో ఇంకో చిక్కు. 2025లో ల్యాప్‌టాప్‌లకు వచ్చిన 5050, 5060, 5070 మూడింటికీ మెమరీ 8 జీబీయే. అంటే 5060 నుంచి 5070కి ఎగబాకడానికి పెట్టే వేలకు కార్డు మెమరీ ఒక్క జీబీ కూడా పెరగదు. 12 జీబీ కావాలంటే 5070 టీఐ దాకా పోవాలి. గేముల బొమ్మలు ఏటేటా బరువెక్కుతున్నప్పుడు ముందుగా చాలకపోయేది ఈ మెమరీయే. దీన్ని ఎప్పటికీ పెంచుకోలేం.

చదువుకు కావాలన్న వాదన కూడా వింటుంటాను. నిట్‌లోనైనా మరో కాలేజీలోనైనా మొదటి మూడేళ్ల కోడింగ్, డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లకు లక్ష రూపాయల ల్యాప్‌టాప్ ధారాళంగా సరిపోతుంది. కృత్రిమ మేధ నేర్చుకునేవాళ్లకు గూగుల్ కొలాబ్, కాగుల్ ఉచితంగా 16 జీబీ కార్డులు కొన్ని గంటలు వాడుకోనిస్తాయి. నాలుగు లక్షలు గేముల కోసమే, అది ఒప్పుకుని మాట్లాడుకుందాం. గేములంటే నాకు చిన్నచూపు లేదు. పందేలు కాసే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది, అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది. పిల్లవాడు గేమ్ ఆడతానంటే రమ్మీ ఆడతానన్నట్టు కంగారు పడొద్దని తల్లిదండ్రులకు చెబుతాను. ఆడుకోనివ్వండి. కానీ ఆ నాలుగు లక్షల్లో సుమారు 61 వేలు జీఎస్టీ అనీ, కిస్తీలు తీరేలోపే దానికంటే మంచి చిప్ అంతకంటే తక్కువ ధరకు వచ్చే అవకాశం ఉందనీ పిల్లవాడికీ తెలియాలి.

గేములే ప్రాణమైతే, ఇంట్లోనే ఉండి చదువుకుంటుంటే, డెస్క్‌టాప్ కట్టించుకోవాలి. పొద్దున కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోతే సాయంత్రానికి సామానుతో ఇల్లు చేరొచ్చు. ఏఎమ్‌డీ 2016లో తెచ్చిన ఏఎమ్4 సాకెట్‌కు 2024లో కూడా కొత్త ప్రాసెసర్ విడుదలైంది. 2022లో వచ్చిన ఏఎమ్5కు 2027, ఆపై దాకా కొనసాగిస్తామని కంపెనీ చెప్పింది. భాగాలు మార్చుకుంటూ ఏళ్లు నడపడం డెస్క్‌టాప్‌లో నిజంగా సాధ్యం.

హాస్టల్లో ఉండేవాళ్లకు ల్యాప్‌టాప్ తప్పదు. వాళ్లకు నా సలహా: లక్ష నుంచి లక్షన్నర లోపు, 8 జీబీ కార్డుతో, ఖాళీగానో మార్చుకునేలాగో ఉన్న రెండు ర్యామ్ స్లాట్లు, రెండు ఎస్ఎస్‌డీ స్లాట్లతో ఉన్నది చూడండి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. ర్యామ్ తర్వాత చవగ్గా వేసుకుందామనే పాత ధీమా ఇప్పుడు పనికిరాదు. కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఎగరేసుకుపోతుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోయాయి. హైదరాబాద్‌లో పెద్ద కేంద్రమున్న మైక్రాన్ సంస్థ, మనం కొనుక్కునే క్రూషియల్ ర్యామ్ వ్యాపారం నుంచి తప్పుకుంటామని 2025 డిసెంబరులో ప్రకటించింది. అందుకే 16 జీబీతో దొరికే మోడల్‌కూ 32 జీబీతో దొరికే మోడల్‌కూ తేడా తక్కువగా ఉంటే 32 తీసుకోవడమే మేలు.

ప్రభుత్వమూ ఒక పని చేయాలి. ఏ వస్తువు ఎంత తేలిగ్గా బాగుచేసుకోవచ్చో మార్కులు వేసే రిపేరబిలిటీ సూచీపై వినియోగదారుల వ్యవహారాల శాఖ వేసిన కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. ముందుగా ఫోన్లు, ట్యాబ్లెట్లతో మొదలుపెడతామన్నారు. ల్యాప్‌టాప్‌లను కూడా వెంటనే అందులో చేర్చాలి. పెట్టె మీద ఏది మారుతుందో, ఏది మారదో అచ్చువేయమని ఆదేశిస్తే సగం తగువులు షాపు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

మా మిత్రుడికి కొనొద్దనే చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను. ఆ పైన మీ ఇష్టం. కొనాలనే నిర్ణయించుకుంటే డబ్బు కట్టే ముందు షాపులో అడగండి: కార్డు మారుతుందా, మారితే ఆ కార్డు ఇవాళ ఏ షాపులో దొరుకుతుంది, మూత విప్పితే వారంటీ ఉంటుందా, బోర్డు పోతే హనుమకొండకు వచ్చి బాగుచేస్తారా. జవాబులు బిల్లు మీదో ఈ-మెయిల్‌లోనో రాయించుకోండి. రాసిచ్చిన మాట తప్పితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. రాసివ్వమంటే మొహం చాటేసే షాపులో మాత్రం అడ్వాన్సు కూడా ఇవ్వకండి.