ఏమీ జరగలేదట!

"వై టూ కే అంతా బూటకం. తెల్లారితే ఏమీ కాలేదుగా!" విందుభోజనాల్లో ఈ మాట ఇప్పటికీ వింటుంటాను. విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

ఏమీ కాలేదు, నిజమే. ఎందుకు కాలేదు? మెమరీ బంగారమంత ఖరీదైన రోజుల్లో సంవత్సరానికి రెండంకెలే కేటాయించారు. 2000 వస్తే అది 00. అందులోంచి 65 తీసేస్తే, 1965లో పుట్టినవాడి వయసు మైనస్ 65! పైగా నూరుతో భాగిస్తే లీపు కాదన్న సగం సూత్రమే తెలిసినవాళ్ళు ఫిబ్రవరి 29ని ఎగరగొట్టారు. 400తో భాగిస్తే లీపేనని వాళ్ళకి గుర్తులేదు.

ఆ పాత కోబాల్ వరసలు ఒక్కొక్కటే చదివి దిద్దినవాళ్ళలో, అమీర్‌పేటలో నేర్చుకుని విమానమెక్కిన మనవాళ్ళు ఎందరో. నేనూ ఒకణ్ణి. భయాన్ని అమ్ముకున్నవాళ్ళు లేరని అనను. కానీ గోదావరి గట్టు తెగలేదని, ఇసుక బస్తాలు మోసినవాణ్ణి అబద్ధాలకోరంటామా?

1970 నుంచి సెకన్లు లెక్కపెడుతున్న 32 బిట్ల గడియారాలు 2038 జనవరి 19న నిండిపోతాయి. వాటిని ఇప్పుడే మారుస్తున్నవాళ్ళున్నారు. ఆ రోజు కూడా ఏమీ కాకపోతే, దయచేసి నవ్వకండి. ఎవరు మేలుకున్నారో అడగండి.