వృత్తి పరిచయం: క్షేత్రపాలకుడు

మధ్యాహ్నపు ఎండ వాలుతున్న వేళ ప్రత్తి చేనిలో వరుసల వెంట మనుషులు వంగి నడుస్తూ ఉంటారు. రేపు ఉదయం విచ్చుకోబోయే మొగ్గను గుర్తుపట్టి, బొటనవ్రేలి గోటితో దాని రేకులను, కేసరాలను ఒలిచివేస్తారు. నడిమి కీలం మాత్రం చెక్కుచెదరకుండా నిలవాలి. ఆ మొగ్గకు ఎర్రని గుర్తు ఒకటి తగిలిస్తారు. మరునాటి ఉదయం మగవరుసలలోని పూలు కోసి తెచ్చి, వాటి పుప్పొడిని ఆ కీలానికి అద్దుతారు. ఒక్కొక్క పువ్వుకు ఇలా రెండు పర్యాయాలు మనిషి చేయి తగిలితే గాని ఒక సంకరజాతి కాయ పుట్టదు. రెండు నెలలకు పైగా ఈ పని ఒక్క దినమైనా ఆగకుండా సాగాలి.

ఈ పద్ధతిని వాణిజ్య స్థాయికి తీసుకువచ్చి ప్రపంచానికి మొదటిసారి చూపిన ఊరు సూరత్. అక్కడి ప్రధాన ప్రత్తి పరిశోధన కేంద్రంలో డాక్టర్ సి. టి. పటేల్, ‘గుజరాత్-67’ అనే రకాన్ని ‘అమెరికన్ నెక్టరిలెస్’ అనే రకంతో సంకరపరచి రూపొందించిన ‘హైబ్రిడ్-4’ 1970లో విడుదలయింది. రెండు జాతుల కలయిక వల్ల ప్రత్తి దిగుబడి పెరుగుతుందన్న సంగతి శాస్త్రజ్ఞులకు అంతకు పూర్వమే తెలుసు. అయితే పువ్వు పువ్వునూ చేతితో ముట్టి విత్తనం పండించడం గిట్టుబాటయ్యే పని కాదని కూలి ధరలు హెచ్చుగా ఉన్న దేశాలు దానిని వదలివేశాయి. సూరత్‌లో అది సాధ్యమయింది.

శాస్త్రజ్ఞుని పేరు చరిత్రలో నిలిచింది, నిలవవలసినదే. కాని అటువంటి చేనిని దినదినమూ నడిపించే మనిషి మరొకడు ఉంటాడు. ఏ వరుసలో ఎందరు పనిచేయాలి, నిన్న ఎన్ని మొగ్గలు ఒలిచారు, నేడు వాటిలో ఎన్నింటికి పుప్పొడి అందింది, పొరుగు చేనిలో వేరు జాతి ప్రత్తి ఎంత దూరంలో ఉన్నది అనే ప్రశ్నలన్నిటికీ సమాధానం అతని దగ్గర ఉండాలి. ఆ మనిషిని పత్రాలలో వ్యవసాయక్షేత్ర నిర్వాహకుడంటారు. వాడుకలో ఫారం మేనేజరు. పూర్వులు క్షేత్రాన్ని కాచే దేవునికి క్షేత్రపాలకుడని పేరు పెట్టారు. ఈ ఉద్యోగానికి అంతకంటే తగిన పేరు దొరకదు.

పేరు కొత్తది, పని పాతది

తెలుగునాట పెద్ద కమతాలున్న ఇళ్ళలో పెద్దపాలేరు ఉండేవాడు. ఏ మడికి ఎప్పుడు నీరు పెట్టాలో, ఏ ఎద్దు కాలు కుంటుతున్నదో, ఏ కూలీ ఇంట జ్వరమో అతనికి తెలిసినంతగా యజమానికి తెలిసేది కాదు. లెక్కలు మాత్రం గుమాస్తా చూసేవాడు. నేటి క్షేత్ర నిర్వాహకునిలో ఈ ఇద్దరూ కలిసి ఉండాలి. పెద్దపాలేరు కన్ను, గుమాస్తా కలం, వీటికి తోడు మట్టి పరీక్షా పత్రాన్ని చదివి అర్థం చేసుకొనగల చదువు ఉంటేనే ఈ పని సాగుతుంది.

అతని దినం సూర్యోదయానికి ముందే మొదలవుతుంది. కూలీలు గట్టు మీదికి వచ్చేసరికి ఎవరికి ఏ పనో నిర్ణయమై ఉండాలి. ఇరవై మందిని పిలిపించి, పిచికారీ యంత్రానికి నూనె తెప్పించడం మరచాడనుకుందాం. నూనె వచ్చేసరికి రెండు గంటలు గడిచాయి. అతడు పోగొట్టింది రెండు గంటలు కాదు, నలభై గంటలు. దినానికి ఎనిమిది గంటల లెక్కన ఐదుగురి పూర్తి కూలి. ఈ నష్టం ఏ రసీదులోనూ కనిపించదు. సంవత్సరాంతంలో పంట బాగానే పండినా డబ్బు ఎందుకు మిగలలేదో యజమానికి అర్థం కాకపోవడానికి కారణం తరచుగా ఇటువంటిదే.

విత్తన క్షేత్రంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. వేరు జాతి పుప్పొడి సోకకుండా చుట్టూ నిర్ణీత దూరం విడవాలి. జాతికి చెందని మొక్క కనిపిస్తే పూతకు రాకముందే పెరికివేయాలి. సంకరణ కాలం ముగిసిన తరువాత వచ్చే మొగ్గలను గిల్లివేయకపోతే, తమంత తాము కట్టిన కాయలు సంకర కాయలతో కలిసిపోతాయి. తనిఖీ అధికారి తృప్తి చెందకపోతే ఆ విత్తనానికి ధ్రువపత్రం రాదు. కంటికి పచ్చగా కళకళలాడే చేను కాగితం మీద ఆనాడే ఎండిపోతుంది.

సూరత్ నేర్పే పాఠాలు

సూరత్ అనగానే నేటి పాఠకునికి వజ్రాలు సానపట్టే కార్ఖానాలు, నైలాను, పాలియెస్టరు చీరలు నేసే మరమగ్గాలు గుర్తుకు వస్తాయి. తెలంగాణ నుండి వలస వెళ్ళిన నేత కుటుంబాలు వేలకొద్దీ అక్కడ స్థిరపడ్డాయి. కాని నగరపు పొలిమేర దాటి తపతీ మైదానంలో అడుగుపెడితే అది చెరుకు, వరి, అరటి, కూరగాయల సీమ. 1928లో సర్దార్ పటేల్ నాయకత్వాన భూమిశిస్తు పెంపును ప్రతిఘటించిన బార్డోలీ ఆ జిల్లాలోనిదే. 1955లో నమోదైన సహకార చక్కెర కర్మాగారంతో అదే బార్డోలీ సహకార సేద్యానికి కూడా పేరు తెచ్చుకున్నది.

చెరుకు ప్రాంతంలో క్షేత్ర నిర్వహణ అంటే ముఖ్యంగా కాలంతో పందెం. నరికిన చెరుకు గడిచే ప్రతి గంటకూ బరువును, చక్కెరను కోల్పోతూ ఉంటుంది. ఇరవైనాలుగు గంటల లోపల గానుగకు చేర్చడం ఉత్తమం. అందువల్ల ఏ తోట ఎప్పుడు నాటారు, ఏది ముందు పక్వానికి వస్తుంది, ఏ దారిలో బండి నడుస్తుంది, కర్మాగారం ఎన్ని టన్నులు తీసుకోగలదు అనే లెక్కలన్నీ కోతకు చాలా ముందుగానే తేలాలి. ‘అదునెరిగి సేద్యము, పదునెరిగి పైరు’ అన్న పెద్దల మాటకు ఈనాటి అర్థం ఈ కోత పట్టికలో ఉన్నది.

రెండవ పాఠం నీటిది. తపతి మీద కాక్రపార్ ఆనకట్ట 1954లోను, ఉకాయ్ జలాశయం 1972లోను పూర్తయ్యాయి. ఎదురుచూసిన కాలువ నీరు వచ్చింది. కాని అక్కడి నల్లరేగడి నేల నీటిని త్వరగా వదిలిపెట్టదు. నీరు దొరికింది కదా అని విచ్చలవిడిగా పారించిన చోట్ల భూగర్భజలం పైకి వచ్చి, నేల ఊటబారింది. కొన్ని చోట్ల చౌడు తేలింది. నీరు తెచ్చే కాలువ ఎంత ముఖ్యమో, మిగులు నీటిని తీసుకుపోయే మురుగు కాలువ అంత ముఖ్యమని ఆ జిల్లా నష్టపడి నేర్చుకున్నది. తడి ఇవ్వడం ఎవరైనా చేస్తారు. ఎప్పుడు ఆపాలో తెలిసినవాడే నిర్వాహకుడు. కృష్ణా, గోదావరి డెల్టాల రైతులకు ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు.

చదువు, ప్రవేశం

ఈ వృత్తికి రాజమార్గం వ్యవసాయశాస్త్రంలో నాలుగేళ్ళ పట్టా. తెలుగునాట బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో మొదలయింది. రాజేంద్రనగర్ కేంద్రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో ఏర్పడింది. గుజరాత్‌లో 1972 నాటి వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని 2004లో విభజించగా, సూరత్‌కు పొరుగున ఉన్న నవసారీలో ప్రత్యేక విశ్వవిద్యాలయం వెలసింది. హైబ్రిడ్-4 పుట్టిన సూరత్ క్షేత్రం ఇప్పుడు దాని అధీనంలోనే ఉన్నది. పదవ తరగతితో చదువు ఆపవలసి వచ్చినవారికి వ్యవసాయ పాలిటెక్నిక్కులలో రెండేళ్ళ డిప్లొమా ఉన్నది. పట్టభద్రులు స్వయంగా సలహా కేంద్రాలు పెట్టుకొనడానికి 2002లో ఆరంభమైన కేంద్ర పథకం క్రింద శిక్షణ పొందవచ్చు. దానిని పర్యవేక్షించే జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ, అనగా ‘మేనేజ్’, హైదరాబాదులోనే ఉన్నది.

ప్రభుత్వ విత్తన క్షేత్రాలు, విశ్వవిద్యాలయ క్షేత్రాలు, విత్తన కంపెనీలు, చక్కెర కర్మాగారాలు, తేయాకు, కాఫీ తోటలు, పాడి, కోళ్ళ పరిశ్రమలు, పూలు పెంచే హరితగృహాలు, స్వయంగా సేద్యం చేయలేని భూస్వాముల తోటలు, ఇవన్నీ నిర్వాహకులను నియమించుకొనే చోట్లు. కేంద్ర ప్రభుత్వం 1956లో సోవియట్ యంత్రాల సాయంతో నెలకొల్పిన విశాలమైన యాంత్రిక క్షేత్రం రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ఉన్నది. పేరు దగ్గరైనా ఊరు వేరు.

అయితే పట్టా చేతికి రాగానే నిర్వాహకుడైనవాడు అరుదు. మొదటి రెండు మూడేళ్ళు సహాయకునిగా గడపవలసినదే. ఆ కాలంలో ట్రాక్టరు విప్పి బిగించడం, మోటారు పాడైన శబ్దాన్ని చెవితో పట్టుకోవడం, ఆకు వెనుక పురుగు గుడ్లను చూడడం, చిల్లర పద్దు రాయడం నేర్చినవాడు తరువాత ఎవరికీ లోకువ కాడు. దినచర్య పుస్తకం వ్రాసే అలవాటు మొదటినాడే చేసుకోవాలి. నేడు వాన ఎంత పడింది, ఏ మడిలో ఏ ఎరువు ఎంత వేశారు, ఎందరు పనికి వచ్చారు అనే మూడు సంగతులు వ్రాసి ఉంచినా, ఐదేళ్ళకు ఆ పుస్తకం ఏ గ్రంథమూ చెప్పలేని విషయాలు చెబుతుంది. చరవాణిలో వాతావరణ సూచన, ఆకాశం నుండి తీసిన చేని చిత్రం దొరుకుతున్న ఈ రోజులలో కూడా దాని విలువ తగ్గలేదు.

కష్టాల పద్దు

ఈ ఉద్యోగంలోని కష్టాలను దాచడం వలన ప్రయోజనం లేదు. నివాసం తరచుగా పొలంలోనే ఉంటుంది. పిల్లల బడి, ఆసుపత్రి దూరం. వానకు, తెగులుకు ఆదివారం తెలియదు. పంట పండితే నేల మంచిదంటారు, పండకపోతే నిర్వాహకుడు చెడ్డవాడంటారు. ప్రైవేటు తోటలలో చాలామందికి నియామక పత్రమే ఉండదు. అందువల్ల పనిలో చేరే ముందే జీతం, నివాసం, భవిష్యనిధి, సెలవులు, ఖర్చు పెట్టే అధికారం ఎంతవరకో కాగితం మీద వ్రాయించుకోవాలి. స్త్రీలకు ఈ వృత్తి తగదనే అపోహ ఇంకా పూర్తిగా పోలేదు. కాని నాట్లు, కలుపు, కోత, సంకరణ వంటి పనులలో స్త్రీలే అధికంగా ఉండే మన పొలాలలో, వ్యవసాయ పట్టా పొందిన స్త్రీ నిర్వాహకురాలైతే ఆశ్చర్యపడవలసిన పని లేదు.

వీటన్నిటి కంటె కఠినమైన పరీక్ష మరొకటి ఉన్నది. అది హాజరు పట్టీలో ఎదురవుతుంది.

దక్షిణ గుజరాత్ చెరుకు కోతకు ఏటా వేలాది కుటుంబాలు కొండ ప్రాంతాల నుండి, మహారాష్ట్ర నుండి వలస వస్తాయి. మేస్త్రీ దగ్గర ముందుగా అప్పు తీసుకొని, ఆ అప్పు తీరేదాకా కత్తి దింపకుండా నరుకుతారు. భార్యాభర్తల జంటను వారి చేతి కత్తి పేరుతోనే ‘కోయతా’ అని లెక్కిస్తారు. పొలాల ప్రక్క తాత్కాలికపు గుడిసెలలో వారి కాపురం. డచ్చి సమాజశాస్త్రజ్ఞుడు యాన్ బ్రెమన్ 1960ల నుండి ఆ ప్రాంతపు కూలీల బ్రతుకును దశాబ్దాలపాటు అధ్యయనం చేసి గ్రంథస్థం చేశాడు.

సూరత్‌లో పుట్టిన సంకర విత్తన విధానం తెలుగు జిల్లాలకు వచ్చినప్పుడు ఇదే ప్రశ్న మన ముంగిటికి వచ్చింది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలు ప్రత్తి విత్తనోత్పత్తికి పెద్ద కేంద్రాలయ్యాయి. ఇప్పటి గద్వాల జిల్లా నేటికీ అందుకు ప్రసిద్ధం. ఆ చేలలో మొగ్గలు ఒలిచిన చేతులలో బాలికల చేతులు ఎక్కువగా ఉండేవని 1990ల చివరి నుండి పరిశోధకులు బయటపెట్టారు. చిన్నవ్రేళ్ళు నాజూకుగా పనిచేస్తాయని కొందరు సమర్థించుకున్నారు. అసలు సంగతి, చిన్నవ్రేళ్ళకు చిన్న కూలి చాలునన్నది. తలిదండ్రులకు ముందే ఇచ్చిన బయానా ఆ పిల్లలను సంకరణ కాలమంతా బడికి దూరం చేసింది. 1986 నాటి చట్టాన్ని 2016లో సవరించి, బడివేళలు కాని సమయంలో సొంత కుటుంబానికి చేసే సాయం వంటి మినహాయింపులు తప్ప, పదునాలుగేళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదని నిషేధించారు.

చట్టం రాజధానిలో తయారవుతుంది. అది అమలయ్యేది, కానిది తెల్లవారుజామున గట్టు మీద. పన్నెండేళ్ళ పిల్ల తల్లి వెంట వచ్చి నిలబడుతుంది. సంకరణకు మనుషులు చాలరు. నేడు ఒలవని మొగ్గ రేపటికి పువ్వై చేజారిపోతుంది. ఫోనులో యజమాని తొందరపెడుతూ ఉంటాడు. ‘తనది కాకపోతే కాశీదాకా దేకమన్నాడట’ అన్నట్లు, ఒకరి బిడ్డ కష్టం ఒకరికి తేలికగానే కనిపిస్తుంది. పట్టీలో ఆ పిల్ల వయస్సు పదహారని వ్రాసే కలం నిర్వాహకునిదే. ఆమెను వెనుకకు పంపి, తల్లికి సరియైన కూలి ఇప్పించి, ఆనాటికి పది వరుసల మొగ్గలు పోయాయని యజమానికి ధైర్యంగా చెప్పగల కలమూ అతనిదే.

యజమాని నష్టం నిర్వాహకునికి నష్టమే. దానిని తగ్గించడానికే అతడున్నాడు. అందుకనే తెలివైన నిర్వాహకుడు ఆ ఉదయం దాకా ఆగడు. ఎందరు పెద్దవారు పనికి దొరుకుతారో ముందుగా లెక్కవేసి, అంత విస్తీర్ణానికే విత్తనపు ఒడంబడిక చేయిస్తాడు. మంచితనం చివరి క్షణంలో చూపవలసిన సాహసంగా మిగలకుండా, విత్తుటకు ముందే వేసుకున్న లెక్కగా మారుతుంది. నిర్వహణ అనే మాటకు అసలు అర్థం ఇదే.

వ్యవసాయ పట్టా చేతబట్టుకొని ఏ దారి పట్టాలా అని ఆలోచించే యువతీయువకులు ముందుగా తమను తాము రెండు ప్రశ్నలు వేసుకోవాలి. తనది కాని నేలను తనదిగా చూడగలనా? తనవారు కాని మనుషులను తనవారిగా చూడగలనా? మొదటిదానికి మాత్రమే అవునన్నవాడు సమర్థుడైన ఉద్యోగి కాగలడు. రెండింటికీ అవునన్నవానిని క్షేత్రపాలకుడనవచ్చు.